వీడియో చూస్తే అంతా అర్థమైంది, పేపర్ మీద మాత్రం రాలేదు: సీఏ ఇంటర్‌కి ఎలా చదవాలి?

ఈరోజు ఎపిసోడ్ సీఏ ఇంటర్మీడియట్ రాసేవాళ్ల కోసం. ఫౌండేషన్‌లో ఉన్నవాళ్లు, ఫైనల్‌కి చదువుతున్నవాళ్లు కూడా వినొచ్చు, చదివే పద్ధతి వరకు అందరికీ పనికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని వింటుంటే వాళ్లకి ఒక మాట ముందే చెప్పేయండి. ఇది ఎంఈసీ, సీఈసీ చదివే కాలేజీ ఇంటర్ కాదు. చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో రెండో మెట్టు. ఇది దాటితేనే ఆర్టికల్‌షిప్, ఆ తర్వాత ఫైనల్.

మన కామెంట్లలో ఎక్కువగా కనిపించే మాట ఒకటుంది. "అన్నా, క్లాసులన్నీ పూర్తయ్యాయి. రెండుసార్లు రివిజన్ కూడా చేశా. హాల్లో ప్రశ్న చూస్తే తెలిసిందే అనిపించింది. రాద్దామంటే మాత్రం చెయ్యి కదల్లేదు." ఇలా రాసేవాళ్లు బద్ధకస్తులు కాదు. పొద్దున ఆరింటికి లేచి, రాత్రి పన్నెండు దాకా కూర్చునేవాళ్లే. విజయవాడలోనో, గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో హాస్టల్‌లో ఉండి, ఇంటి నుంచి నెలనెలా డబ్బులు తెప్పించుకుని చదివేవాళ్లే. మరి ఎక్కడ తేడా వస్తోంది?

నా సమాధానం ఒక్కటే. మనం రోజంతా చేసే పని ఒకటి, పరీక్ష అడిగే పని ఇంకొకటి. మనం చూస్తున్నాం, వింటున్నాం, చదువుతున్నాం, హైలైటర్‌తో గీస్తున్నాం. పరీక్ష అడిగేది మాత్రం, పుస్తకం లేకుండా, పక్కన ఎవరూ లేకుండా, మూడు గంటల్లో రాసి చూపించమని. ఈ రెండో పని ఇంట్లో చేయకపోతే హాల్లో ఒక్కసారిగా రాదు. ఈరోజు మాట్లాడేదంతా దీని గురించే.

ముందు రూల్స్ చకచకా చూసేద్దాం, ఎందుకంటే ప్లాన్ వీటి మీదే ఆధారపడుతుంది. కొత్త స్కీమ్‌లో ఇంటర్‌కి రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో మూడు పేపర్లు, మొత్తం ఆరు. మొదటి గ్రూపులో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, కార్పొరేట్ అండ్ అదర్ లాస్, టాక్సేషన్. రెండో గ్రూపులో కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటింగ్, ఆడిటింగ్ అండ్ ఎథిక్స్, ఎఫ్ఎం-ఎస్ఎం. ప్రతి పేపర్‌కి 100 మార్కులు. అందులో 30 ఎంసీక్యూలు, 70 రాసే ప్రశ్నలు. పాస్ కావాలంటే ప్రతి పేపర్‌లో కనీసం 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం, అంటే 300కి 150 రావాలి.

ఈ రెండు షరతుల్నీ కలిపి చూడండి. ఒకరికి 68, 55, 39 వచ్చాయనుకుందాం. టోటల్ 162. అయినా ఫెయిల్, ఆ 39 వల్ల. ఇంకొకరికి 48, 49, 50. ఎక్కడా 40 కంటే తగ్గలేదు, కానీ టోటల్ 147. వీళ్లూ ఫెయిలే. మొదటి వ్యక్తికి ఒక ఊరట ఉంది. ఫెయిలైన గ్రూపులో ఏ పేపర్‌లోనైనా 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, ఆ పేపర్‌కి తర్వాతి మూడు ఎటెంప్ట్‌ల వరకు ఎగ్జెంప్షన్ ఉంటుంది. కానీ ఒక్క మార్కు కోసం నెలల పాటు మళ్లీ అదే గది, అదే పుస్తకం. ఐసీఏఐ ఇంటర్‌ని ఏడాదికి మూడుసార్లు పెడుతోంది కాబట్టి ఎదురుచూపు కొంచెం తగ్గింది. అంతమాత్రాన బాధ తగ్గదు.

ఆ ఒక్క మార్కు ఎక్కడ పోతుందో తెలుసా? చాలాసార్లు మనకు తెలియని చాప్టర్‌లో కాదు. తెలిసిన చాప్టర్‌లోనే, సగం గుర్తొచ్చి సగం గుర్తురాని చోట, టైం లేక వదిలేసిన నాలుగు మార్కుల ప్రశ్నలో.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తెలిసినట్టు అనిపించడం వేరు, తెలియడం వేరు. మీ వీధిలో రోజూ కనిపించే మనిషిని చూడగానే గుర్తుపడతారు. కళ్లు మూసుకుని ఆయన ముఖం బొమ్మ గీయమంటే? చేతకాదు కదా. పుస్తకం రెండోసారి చదివినప్పుడు జరిగేది అదే. లైన్ కనబడగానే "ఆ, ఇది తెలుసు" అని మనసు చెప్పేస్తుంది. అది గుర్తుపట్టడం మాత్రమే. పరీక్షలో కావలసింది గీయడం.

దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో, సెయింట్ లూయిస్‌లో ఉండే యూనివర్సిటీ అది, రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు చేశారు. విద్యార్థులకి చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పద్ధతిలో అదే పాఠాన్ని మళ్లీ చదివించారు. ఇంకో పద్ధతిలో పాఠం తీసేసి, గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే సీన్ మారిపోయింది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. మన పరీక్ష చదివిన ఐదు నిమిషాలకి ఉండదు కదా. నెలల తర్వాత ఉంటుంది.

ఇంకో సంగతి గమనించండి. మళ్లీ చదివినవాళ్లకి ఆ ఐదు నిమిషాల్లో బాగా వచ్చినట్టే అనిపిస్తుంది. అందుకే ఆ పద్ధతిని వదలబుద్ధి కాదు. పుస్తకం మూసి రాస్తే కష్టంగా ఉంటుంది, సగం రాదు, మనమీద మనకే చిరాకు వస్తుంది. ఆ కష్టమే చదువు అనుకోండి.

సరే, దీన్ని రోజువారీగా ఎలా చేయాలి? లా నుంచే మొదలుపెడదాం. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 96, వార్షిక సర్వసభ్య సమావేశం, అంటే ఏజీఎం. క్లాస్ విన్నారు, మెటీరియల్ చదివారు. ఇప్పుడు పుస్తకం మూసేసి ఒక తెల్ల కాగితం తీసుకోండి. తేదీ వేయండి. ఈ సెక్షన్‌లో మీకు గుర్తున్నదంతా రాయండి, ఐదు నిమిషాలు.

ఏం వస్తుందో చెప్పనా? 9 నెలలు, 6 నెలలు, 15 నెలలు, 3 నెలలు, ఈ నాలుగు అంకెలూ గుర్తొస్తాయి. ఏది దేనికో కలిసిపోతుంది. ఇప్పుడు పుస్తకం తెరిచి ఎర్ర పెన్‌తో సరిచేయండి. మొదటి ఏజీఎం, మొదటి ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోపు. తర్వాతి ఏజీఎంలు, ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లోపు. రెండు ఏజీఎంల మధ్య 15 నెలలకి మించి గ్యాప్ ఉండకూడదు. ప్రత్యేక కారణం ఉంటే రిజిస్ట్రార్ 3 నెలల వరకు గడువు పెంచొచ్చు, కానీ మొదటి ఏజీఎంకి ఆ వీలు లేదు. ఆ ఎర్ర పెన్ గీతలే మీ అసలు నోట్స్. మిగతాది మీకు వచ్చు, దాన్ని మళ్లీ మళ్లీ చదవాల్సిన పని లేదు.

ఇప్పుడు దీని మీదే ప్రశ్న. ఒక కంపెనీ మొదటి ఆర్థిక సంవత్సరం 31 మార్చి 2025తో ముగిసింది. మొదటి ఏజీఎం 20 జనవరి 2026న పెట్టాలనుకుని, గడువు పెంచమని రిజిస్ట్రార్‌ని అడిగింది. ఇది కుదురుతుందా?

"కుదరదు" అని ఒక్క మాట రాస్తే మార్కులు రావు. జవాబు మూడు ముక్కలుగా ఉండాలి. మొదటిది, చట్టం ఏం చెబుతోంది: సెక్షన్ 96 ప్రకారం 9 నెలలు, మొదటి ఏజీఎంకి పొడిగింపు లేదు. రెండోది, ఈ కేసులో జరిగింది ఏంటి: 31 మార్చి 2025 నుంచి 9 నెలలంటే 31 డిసెంబర్ 2025 లోపు పెట్టాలి, వీళ్లు జనవరి అంటున్నారు. మూడోది, ముగింపు: రిజిస్ట్రార్ గడువు పెంచలేరు, 20 జనవరి 2026న పెడితే సెక్షన్ 96ని ఉల్లంఘించినట్టే. మూడు చిన్న పేరాలు. పేపర్ దిద్దేవాళ్లకి ఏది ఎక్కడుందో వెంటనే కనబడుతుంది. సెక్షన్ నంబర్ కచ్చితంగా గుర్తుంటేనే రాయండి. గుర్తులేకపోతే "కంపెనీల చట్టం 2013 ప్రకారం" అని రాసి ముందుకు వెళ్లండి. తప్పు నంబర్ కంటే అదే నయం.

ఆడిటింగ్ కూడా ఇంతే. ఆడిట్ డాక్యుమెంటేషన్ చాప్టర్‌లో 60 రోజులు, 7 ఏళ్లు అని రెండు అంకెలు ఉంటాయి. ఆడిటర్ రిపోర్ట్ తేదీ తర్వాత ఫైల్ కూర్చడం మామూలుగా 60 రోజుల్లో అయిపోవాలి. ఆ ఫైల్‌ని కనీసం 7 ఏళ్లు దాచాలి. చదివినప్పుడు చాలా ఈజీ. రాసేటప్పుడు ఏ తేదీ నుంచి లెక్క అన్నది జారిపోతుంది. అది జారిందని కాగితం మీద పెడితేనే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కల పేపర్లు. కాస్టింగ్, అకౌంట్స్, ఎఫ్ఎం. ఇక్కడ మోసం ఇంకా ఎక్కువ. టీచర్ బోర్డు మీద చేస్తుంటే, అదీ మనం 1.5 స్పీడ్‌లో పెట్టుకుని చూస్తుంటే, ఒక్కో స్టెప్ నీళ్లు తాగినంత సులువుగా ఉంటుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. వీడియో పాజ్ చేసే పని లేదు, వింటూ చేయండి.

ఒక వస్తువు అమ్మకం ధర 50 రూపాయలు. వేరియబుల్ కాస్ట్ 30. ఫిక్స్‌డ్ కాస్ట్ 2 లక్షలు. కాంట్రిబ్యూషన్ 20. పీవీ రేషియో 40 శాతం. బ్రేక్ ఈవెన్ 10,000 యూనిట్లు. ఇంతవరకు అందరూ చేస్తారు. ఇప్పుడు వేరియబుల్ కాస్ట్ 5 రూపాయలు పెరిగి 35 అయింది. పీవీ రేషియో అలాగే ఉండాలంటే అమ్మకం ధర ఎంత పెట్టాలి?

చాలామంది చెయ్యి వెంటనే 55 అని రాసేస్తుంది. ఖర్చు 5 పెరిగింది, ధర 5 పెంచుదాం అని. కానీ 55 పెడితే కాంట్రిబ్యూషన్ 20 అలాగే ఉంటుంది, పీవీ రేషియో మాత్రం 36.36 శాతానికి పడిపోతుంది. 40 శాతం నిలబడాలంటే వేరియబుల్ కాస్ట్ ధరలో 60 శాతం ఉండాలి. 35ని 0.6తో భాగిస్తే 58 రూపాయల 33 పైసలు. ఇదే లెక్కని వీడియోలో చూస్తే "ఓహ్, అంతే కదా" అంటాం. ఒంటరిగా చేస్తేనే 55 దగ్గర పడతాం. ఇంట్లో పడితే ఏం పోదు. హాల్లో పడితే మార్కులు పోతాయి.

అందుకే లెక్కల పేపర్లకి ఒక రూల్ పెట్టుకోండి. సొల్యూషన్ చూసిన ప్రశ్నని ఆ రోజు "చేశాను" అని లెక్కేయొద్దు. రెండు మూడు రోజులాగి, సొల్యూషన్ మూసి, మొదటి నుంచి చివరి దాకా పెన్‌తో, కాలిక్యులేటర్‌తో, వర్కింగ్ నోట్స్‌తో సహా చేస్తేనే టిక్ పెట్టండి. ఇక్కడ వర్కింగ్ నోట్స్ సంగతి మరీ మరీ చెబుతున్నా. చివరి అంకె తప్పినా స్టెప్పులకి మార్కులు ఉంటాయి, కానీ ఆ స్టెప్పులు కాగితం మీద కనబడాలి. మీ బుర్రలో ఉన్నవాటికి మార్కులు వేయలేరు.

తర్వాత రివిజన్. ఒక చాప్టర్‌ని ఒకేరోజు ఎనిమిది గంటలు చదివి, మళ్లీ నాలుగు నెలల తర్వాత తెరిస్తే అది కొత్త చాప్టర్ లాగే ఉంటుంది. అదే సమయాన్ని ముక్కలు చేసి మధ్యలో గ్యాప్ ఇస్తే ఎక్కువ నిలుస్తుంది. నేను చెప్పే పద్ధతి సింపుల్. చాప్టర్ అయిన రోజు సాయంత్రం ఒకసారి తెల్ల కాగితం. రెండు రోజుల తర్వాత ఒకసారి. వారానికి ఒకసారి. మూడు వారాలకి ఇంకోసారి. ఈ అంకెల్లో మ్యాజిక్ ఏమీ లేదు, అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. చాప్టర్ మొదటి పేజీ మీద ఈ తేదీలు పెన్సిల్‌తో రాసుకోండి. ప్రతిసారీ మొదట రాయడం, తర్వాతే పుస్తకం తెరవడం. ఈ వరస మాత్రం మార్చొద్దు.

దీంతోపాటు ఒక తప్పుల నోట్‌బుక్ పెట్టండి. మామూలు 60 పేజీల నోట్‌బుక్ చాలు. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ ఒక లైన్: ఏ టాపిక్, ఎందుకు పోయింది, సరైనది ఏంటి. ఎందుకు పోయింది అన్నదే ముఖ్యం. అసలు తెలియకనా? తెలిసి గుర్తురాకనా? ప్రశ్న సరిగ్గా చదవకనా? టైం చాలకనా? నాలుగు కారణాలకి నాలుగు వేర్వేరు మందులు. తెలియకపోతే చదవాలి. గుర్తురాకపోతే తెల్ల కాగితం. ప్రశ్న చదవకపోతే ముఖ్యమైన మాటల కింద గీత గీసే అలవాటు. టైం చాలకపోతే మాక్ టెస్టులు. అన్నిటికీ "ఇంకా రెండు గంటలు ఎక్కువ చదువుతా" అనేదే మందు అయితే జబ్బు తగ్గదు.

మెటీరియల్ గురించి రెండు ముక్కలు. ఐసీఏఐ స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీ, ఎంటీపీ, సజెస్టెడ్ ఆన్సర్స్ అన్నీ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. మీ కోచింగ్ నోట్స్ ఒకటి, ఇవి ఒకటి. ఇంతే. టెలిగ్రామ్‌లో దొరికిన ప్రతి పీడీఎఫ్‌నీ సేవ్ చేసుకుంటే ఫోన్ నిండుతుంది, బుర్ర నిండదు. సజెస్టెడ్ ఆన్సర్స్‌ని చదివే పుస్తకంగా కాకుండా, మీ జవాబు దిద్దుకునే కీ లాగా వాడండి. ముందు మీరు రాయాలి, తర్వాత పక్కన పెట్టి పోల్చుకోవాలి.

టాక్స్ విషయంలో ఇంకో జాగ్రత్త. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా తెచ్చారు. సీనియర్ ఇచ్చిన పుస్తకం, రెండేళ్ల కిందటి వీడియో గుడ్డిగా నమ్మొద్దు. మీ ఎటెంప్ట్‌కి ఏ చట్టం, ఏ సవరణలు వర్తిస్తాయో ఐసీఏఐ ప్రకటనలో, ఆర్‌టీపీలో చూసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ పరీక్ష ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ రాయాలి. తెలుగులో రాసే వీలు లేదు. కాబట్టి మీ కష్టం డబుల్, నాకు తెలుసు. కానీ ఇది సాహిత్యం పేపర్ కాదు. పెద్ద పెద్ద వాక్యాలు ఎవరూ అడగడం లేదు. కాన్సెప్ట్‌ని తెలుగులోనే అర్థం చేసుకోండి, మీకు మీరే తెలుగులో చెప్పుకోండి, అందులో చిన్నతనం లేదు. కానీ తెల్ల కాగితం మీద రాసేటప్పుడు మాత్రం మొదటి రోజు నుంచి ఇంగ్లిష్‌లోనే రాయండి. చట్టంలో ఉన్న పదాల్ని ఉన్నట్టే వాడండి. వాటికి మీ సొంత ఇంగ్లిష్ వద్దు. ప్రతి చాప్టర్‌లో ఒక పది పదిహేను కీలక పదాలు, నాలుగైదు చిన్న వాక్యాలు చేతికి అలవాటైతే చాలు. నిజం చెప్పాలంటే, రాయకుండా చదివే పద్ధతి వల్ల ఎక్కువ నష్టపోయేది మీరే. అర్థమైనది లోపలే ఉండిపోతుంది, బయటికి రావడానికి భాష దారివ్వదు. రోజూ రాస్తేనే ఆ దారి పడుతుంది.

ఇక మాక్ టెస్టులు. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. దానికి ముందు 15 నిమిషాలు పేపర్ చదువుకునే టైం. మీ మాక్ కూడా అదే టైంకి పెట్టుకోండి. రోజూ భోజనం చేసి 2 గంటలకి నిద్రపోయే అలవాటుంటే, పరీక్ష రోజు కూడా కళ్లు ఆ టైంకే మూతపడతాయి. ఫోన్ ఇంకో గదిలో. కాలిక్యులేటర్ ఫోన్‌లోది కాదు, హాలుకి తీసుకెళ్లేదే.

టైం లెక్క చూడండి. 180 నిమిషాలు, 100 మార్కులు. ఎంసీక్యూలకి ఓఎంఆర్ బబుల్స్ నింపడంతో కలిపి 45 నిమిషాలు పెట్టుకుంటే, మిగిలేది 135 నిమిషాలు, 70 మార్కులకి. అంటే మార్కుకి రెండు నిమిషాలు కూడా పూర్తిగా లేవు. 5 మార్కుల ప్రశ్నకి పది నిమిషాల లోపే. బాగా వచ్చిన ప్రశ్నకి 20 నిమిషాలు పెట్టి అందంగా రాస్తే, చివర్లో వచ్చిన ప్రశ్న ఖాళీగా మిగులుతుంది. ఇందాక చెప్పుకున్న 39 అక్కడే తయారవుతుంది. ఆ ప్రశ్నకి కేటాయించిన టైం అయిపోయిందా, రెండు లైన్లు ఖాళీ వదిలి తర్వాతి దానికి వెళ్లిపోండి. ఇది వినడానికి ఈజీ. చేతికి రావాలంటే నాలుగైదు మాక్‌లు పడతాయి.

అందరూ అడిగేది, "ఒక గ్రూపా, రెండు గ్రూపులా?" దీనికి ఒక లెక్క ఉంది. రెండు గ్రూపులూ ఒకేసారి రాసి, ప్రతి పేపర్‌లో 40 దాటి, మొత్తం 600కి 300 వస్తే రెండూ పాస్. ఉదాహరణకి మొదటి గ్రూపులో 170, రెండో దాంట్లో 135. కలిపితే 305. అన్ని పేపర్లలో 40 ఉంటే పాస్ అయినట్టే. అదే రెండో గ్రూపు ఒక్కటే రాసి 135 తెచ్చుకుంటే ఫెయిల్. కాబట్టి రెండూ రాస్తే లాభం ఉంది. కానీ ఆరు పేపర్లూ కనీసం ఒకసారి రాసి చూసుకునేంత టైం ఉంటేనే ఆ లాభం. పరీక్షకి రెండు నెలలుందనగా మీ దగ్గర సగం సిలబస్‌కి కూడా తెల్ల కాగితాలు లేకపోతే, ఒక గ్రూపుని గట్టిగా పట్టుకోండి. పక్కింటి వాళ్ల అబ్బాయి రెండూ రాస్తున్నాడని మీరు రాయొద్దు. మీ కట్టలో ఎన్ని కాగితాలున్నాయో చూసి నిర్ణయించుకోండి.

ఫోన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మీరు ఫోన్‌లోనే వింటున్నారు. ఇప్పుడు మన క్లాస్‌రూమ్ అదే. తీసి పక్కన పడేయమంటే కుదరదు. కానీ రోజుని రెండుగా విడగొట్టుకోండి. వినే గంటల్లో ఫోన్ చేతిలో. రాసే గంటల్లో ఫోన్ వేరే గదిలో. వినే గంటలు రాసే గంటల కంటే ఎక్కువైపోతున్న రోజుల్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. క్లాసులు నడుస్తున్నంత కాలం ఎలాగూ ఎక్కువే ఉంటాయి. క్లాసులు అయ్యాక కూడా అలాగే ఉంటే, మీరు రివిజన్ పేరుతో మళ్లీ సినిమా చూస్తున్నట్టు లెక్క.

ఇప్పటికే ఒకటి రెండు ఎటెంప్ట్‌లు పోయినవాళ్లు ఈ వీడియో చూస్తుంటారు. మీరు మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. అన్నిటికంటే ముందు, ఎక్కడ పోయిందో చూడండి. రిజల్ట్ వచ్చాక గడువు లోపల ఫీజు కట్టి, మీ ఆన్సర్ బుక్ కాపీ తెప్పించుకునే వీలుంది. దాన్ని సజెస్టెడ్ ఆన్సర్స్ పక్కన పెట్టి దిద్దుకోండి. మనసుకి కష్టంగానే ఉంటుంది. కానీ ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేని విషయం ఆ కాగితాలు చెబుతాయి. చాలామంది అదే క్లాసుని మళ్లీ డబ్బులు కట్టి వింటారు. వాళ్లకి కావలసింది ఇంకో క్లాసు కాకపోవచ్చు, యాభై తెల్ల కాగితాలు కావొచ్చు.

ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడండి. "ఎప్పుడైపోతుందమ్మా?" అని అమ్మ అడిగితే కోపం వస్తుంది. ఆవిడకి ఈ 40, 50 శాతం గొడవ ఎవరూ చెప్పలేదు. ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఇంటర్ రెండు గ్రూపులూ అయితే ఆర్టికల్‌షిప్, కొత్త స్కీమ్‌లో అది రెండేళ్లు, స్టైపెండ్ వస్తుంది, తర్వాత ఫైనల్ అని మొత్తం దారి చూపించండి. దారి తెలిస్తే వాళ్ల భయం సగం తగ్గుతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం రోజుల తరబడి ఉంటే మాత్రం దాన్ని పరీక్ష టెన్షన్ అని కొట్టిపారేయొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. పరీక్ష మళ్లీ వస్తుంది. ముందు మీరు బాగుండాలి.

సరే, ఈరోజు హోంవర్క్ ఒకటే. ఈ వీడియో అయిపోగానే ఇంకో వీడియోకి వెళ్లొద్దు. నిన్న చదివిన చాప్టర్ ఒకటి తీసుకోండి, పుస్తకం తెరవకండి. పదిహేను నిమిషాలు టైమర్ పెట్టి, గుర్తున్నది రాయండి. తర్వాత ఎర్ర పెన్‌తో దిద్దండి. ఎంత వచ్చిందో చూసి బెంగపడకండి, మొదటి రోజు ఎవరికైనా తక్కువే వస్తుంది. ఏ చాప్టర్ రాశారో, ఎక్కడ ఆగిపోయారో కామెంట్‌లో పెట్టండి. ఎక్కువమంది ఆగిపోయిన చాప్టర్ తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో కలిసి రాద్దాం. తెల్ల కాగితం, పెన్ రెడీగా పెట్టుకుని రండి. ఉంటా మరి, బై.